కరుణ ఎవరి వంతు? ‘మాలపల్లి’ నవలా పునఃపఠనం

వామపక్షం, మితవాదపక్షం అనే మాటలు 1789లో ఫ్రెంచి జాతీయసభ సభ్యులు అధ్యక్షునికి ఏ వైపున కూర్చున్నారన్నదానినిబట్టి పుట్టినవి. ఆసనాల ఏర్పాటు కాలక్రమాన సిద్ధాంతాల పేరుగా మారింది. ఆ మాటలు మన పత్రికాభాషలో స్థిరపడకముందే వాటి వెనుకనున్న వివాదం ఒక తెలుగు నవలలో, ఒకే ఇంటి కప్పు కింద, తండ్రికీ కొడుకులకూ మధ్య నడిచింది. ఆ ఇల్లు మంగళాపురం మాలపల్లెలోని రామదాసు ఇల్లు. ఆ నవల ఉన్నవ లక్ష్మీనారాయణ రచించిన ‘మాలపల్లి’.

నవలారచన జరిగిన పరిస్థితులు సాహిత్యచరిత్రలో ప్రసిద్ధమే. ఉన్నవ (1877-1958) గుంటూరు మండలంలో పుట్టి, ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి, వితంతు వివాహోద్యమంలోనూ స్త్రీవిద్యా రంగంలోనూ పనిచేసినవాడు. పల్నాడు పుల్లరి సత్యాగ్రహం సందర్భంగా 1921లో కారాగారవాసం అనుభవించాడు. రాయవేలూరు జైలులో వ్రాసిన ఈ నవల 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. కొన్ని భాగాలు తొలగించిన మీదట వెలువడనిచ్చి, తరువాత మళ్ళీ నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడిన తరువాతగాని ఆ గండం తొలగలేదు. బోల్షివిక్ భావాలను ప్రచారం చేస్తున్నదన్నది నాటి పాలకుల అభియోగం. కథకు కేంద్రమైన రామదాసు మాత్రం చేతిలో తంబురా, నోట తత్త్వం తప్ప మరొక ఆయుధం ఎరుగని వైష్ణవ భక్తుడు. ప్రభుత్వం చదివిన నవలా, భక్తులు చదివిన నవలా ఒకటేనా అన్న సందేహం కలిగితే అది పాఠకుని తప్పు కాదు.

ఈ రెంటినీ కలిపి చెప్పడానికి మన విమర్శ చాలాకాలంగా ‘సమన్వయం’ అనే మాటను ఆశ్రయించింది. గాంధేయమూ సామ్యవాదమూ ఈ నవలలో సమన్వయం పొందాయనీ, ఆ రెండింటినీ తూచి నిలిపిన త్రాసుముల్లు రామదాసు ఆధ్యాత్మిక కారుణ్యమనీ తరచుగా వింటాము. మాట వినసొంపుగానే ఉన్నది. కాని నవలను దగ్గర పెట్టుకొని చదివితే ఆ త్రాసు అంత సులువుగా నిలవదు. కరుణ రెండు పక్షాల మధ్య ఉండే స్థలం కాదనీ, అది ఎవరో ఒకరు చెల్లించవలసిన మూల్యమనీ, అది ఎవరి వంతన్న ప్రశ్న దగ్గరే ‘మాలపల్లి’ బలమూ బలహీనతా బయటపడతాయనీ నా అభిప్రాయం.

కథలోని కీలక ఘట్టం కూలి తగాదా. ధరలు పెరుగుతున్న కాలం అది. మొదటి ప్రపంచయుద్ధం తెచ్చిన కరవు ఇంకా మనుషుల మనసుల్లో ఉన్నది. పొలం పనికి గింజలు కొలవడం ఊరి మామూలు. గింజల కూలి ఉన్నవానికి ధర పెరిగినా కడుపు నిండుతుంది. అదే కూలిని డబ్బుగా మార్చి ఇస్తే, ధర పెరిగినకొద్దీ ఆ డబ్బుకు వచ్చే గింజలు తగ్గిపోతాయి. భూస్వామి చౌదరయ్యకు ఈ లెక్క తెలుసు. కూలీలకూ తెలుసు. గింజలకు బదులు డబ్బు పుచ్చుకోమంటే వారు పని మానుతారు. రామదాసు కొడుకు సంగదాసు వారి పక్షాన నిలుస్తాడు. చౌదరయ్య కొట్టిన దెబ్బకు అతడు ప్రాణం కోల్పోతాడు.

ఇక్కడ ఒక విషయం మన విమర్శకుల దృష్టికి అంతగా రాలేదనుకుంటాను. ఈ తగాదాలో సంప్రదాయాన్ని నిలబెట్టమని అడుగుతున్నది ఎవరు? కూలీలు. తరతరాల మామూలును తెంచి, విపణి లెక్కను పొలంలోకి తెచ్చినది చౌదరయ్య. మితవాదం తన ఉత్తమరూపంలో ఏ విలువలను కాపాడుతానంటుందో, అనగా వాడుక, పరస్పర బాధ్యత, పెద్దరికపు కట్టుబాటు, వాటి కోసమే పనివాళ్ళు సమ్మె చేశారు. వాటిని పాటించవలసిన పెద్ద లాభం కనపడగానే వాటిని వదిలేశాడు. కనుక ‘మాలపల్లి’లోని వైరం పాతదానికీ కొత్తదానికీ నడుమ అనుకోవడం పొరపాటు. పాతలో ఉన్న మంచిని కూడా పేదవాడే కాపాడుకోవలసి వచ్చిన స్థితి అది. ఉన్నవ దీనిని సిద్ధాంతంగా చెప్పలేదు. గుంటూరు సీమ పలుకుబడిలో, కూలీల మాటల్లో వినిపించాడు. వాడుకభాషను నవలకు తెచ్చినందుకు ఆయనను మెచ్చుకునేవారు, ఆ భాష వల్లనే ఈ ఆర్థిక సత్యం పాత్రల నోట సహజంగా పలికిందని కూడా గుర్తించాలి. గ్రాంథికంలో అయితే ఇది ఉపన్యాసమై ఉండేది.

ఒక జిల్లా గ్రంథాలయంలో చాలా ఏళ్ళ కిందట నేను చదివిన ప్రతిలో వెంకటదాసు మాటల కింద ఎవరో ఎర్ర పెన్సిలుతో గీతలు గీశారు. రామదాసు వేదాంతం కింద మరెవరో నీలి సిరాతో గీశారు. కూలి గింజల ప్రసంగం వచ్చే పుటల్లో ఒక్క గీత కూడా లేదు.

సంగదాసు మరణం తరువాత నవల రెండు దారులుగా చీలుతుంది. పెద్దకొడుకు వెంకటదాసు ఇల్లు విడిచి, తక్కెళ్ళ జగ్గడనే పేరుతో దళం కట్టి, ధనికులను దోచి పేదలకు పంచుతాడు. తండ్రి రామదాసు కొడుకు చావును దైవేచ్ఛగా స్వీకరిస్తాడు. పగ వద్దంటాడు. ఇద్దరినీ కదిలించినది ఒకే దుఃఖం. ఒకరిలో అది కత్తిగా మారింది, మరొకరిలో కీర్తనగా మారింది. ఉన్నవ గొప్పతనం ఎక్కడున్నదంటే, ఆయన వెంకటదాసును దుర్మార్గునిగా చిత్రించలేదు. ఆయన గాంధీ అనుయాయి, అహింసావాది. అయినా ఆ పాత్రకు తన విద్యలోని పదును, లోకజ్ఞానం, హాస్యం ఇచ్చాడు. వెంకటదాసు వాదం చదువుతున్నప్పుడు రచయిత అతని నోరు మూయాలని ప్రయత్నిస్తున్నాడన్న అనుమానం ఒక్కచోట కూడా కలగదు. తనకు నచ్చని సిద్ధాంతానికి తన మేధలో ఇంత చోటిచ్చిన రచయితలు అరుదు. ఈ ఔదార్యాన్నే నేను నవలలోని మొదటి కరుణ అంటాను. అది పాత్రల కన్నా ముందు రచనావిధానంలో ఉన్నది.

రామదాసు విషయం ఇంత సూటిగా లేదు. ఆయన కరుణకు మూలం ఎక్కడ? మన సాహిత్యంలో దానికి పాతకాలపు పూర్వరూపం ఒకటి ఉన్నది. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లోని మాలదాసరి కథ తెలుగు పాఠకులకు సుపరిచితం. వేకువజామున విష్ణువుకు మంగళకైశికి పాడడానికి పోతూ దారి తప్పిన మాలదాసరిని బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటాడు. పాట పాడి తిరిగి వస్తానని దాసరి మాట ఇచ్చి వెళ్ళి, మాట తప్పక తిరిగివస్తాడు. తినబోయేవాడు నివ్వెరపోతాడు. చివరకు దాసరి ధారపోసిన గానఫలం వల్ల రాక్షసునికి విముక్తి కలుగుతుంది. కులంలో అట్టడుగున ఉన్నవాడు, ఒకనాడు బ్రాహ్మణుడై పుట్టి రాక్షసుడైనవానిని ఉద్ధరించడం అందులోని చమత్కారం. రామదాసు ఆ దాసరి వంశంలోనివాడు. తనను మింగవచ్చినవానిపట్ల జాలి చూపగల శక్తి ఆయనకు ఆ పరంపర నుండి వచ్చింది.

కాని రెండు కథల మధ్య ఒక తేడా ఉన్నది, అది చిన్నది కాదు. మాలదాసరి తన పుణ్యాన్ని అడగకుండా ఇవ్వలేదు. రాక్షసుడు ముందు ఆశ్చర్యపడ్డాడు, తరువాత ప్రాధేయపడ్డాడు, తానెవరో, ఎందుకు ఆ జన్మ ఎత్తవలసి వచ్చిందో చెప్పుకున్నాడు. తన తప్పును ఒప్పుకొని దీనుడై చేయి చాచినప్పుడు కరుణ ప్రవహించింది. సంగదాసు హత్యానంతరం రామదాసు క్షమించినప్పుడు చౌదరయ్య ఏమీ అడగలేదు. అతడు చేయి చాచలేదు, తల వంచలేదు. క్షమ ముందే వచ్చి కూర్చున్నది. ఆ క్షమ రామదాసు ఆత్మను ఉన్నతం చేసిందనడంలో సందేహం లేదు. చౌదరయ్యకు ఆ పూట మేలు చేసిందా అంటే, చేయలేదు. కొడుకును పోగొట్టుకున్న ఆ ఇంటి కష్టాలు క్షమతో ఆగలేదు కూడా. రాయలవారి కథలోని ధర్మసూక్ష్మం ఆధునిక నవలలో కొంత జారిపోయిందని అనిపిస్తుంది. అన్యాయం పొందినవానినే కరుణ కూడా చూపమని అడగడం ఒకే మనిషి మీద రెండు పన్నులు వేయడమే.

ఇందుకు నవలలోనే ఒక జవాబు ఉన్నది. దానికి పేరు రామానాయుడు. చౌదరయ్య కొడుకు, సంగదాసుకు ప్రాణమిత్రుడు. తండ్రి చేతి దెబ్బకు స్నేహితుడు చనిపోవడం అతని జీవితాన్ని తలక్రిందులు చేస్తుంది. సంగదాసు పేర వెలసిన సంగపీఠం వెనుక ఉన్న పశ్చాత్తాపం ఆస్తి గలవానిది, దోషం వారసత్వంగా వచ్చినవానిది. ఇక్కడ కరుణ సరైన గుమ్మం ముందు నిలబడి తలుపు తట్టింది. అయితే రామానాయుని సంసారకథ, భార్య కమల వృత్తాంతం ఉన్నవ కలాన్ని చాలా పుటలపాటు మరోవైపు లాక్కుపోయాయి. అతని హృదయపరివర్తన ఎంత విలువైనదో, దాని చిత్రణ అంత పలచన. జైలులో తీరిక దొరికిన సంస్కర్త తనకు తెలిసిన సమస్యలన్నీ ఒకే గ్రంథంలో చెప్పదలిస్తే ఇలాగే జరుగుతుంది. నిర్మాణదృష్టితో చూస్తే ‘మాలపల్లి’ అనేకచోట్ల సడలిన నవల, ఆ సంగతి దాచవలసిన పని లేదు.

ఉత్తరాదిన దాదాపు అదే కాలంలో ప్రేమ్‌చంద్ ఈ సమస్యనే మరోవిధంగా చూశాడు. 1925లో వెలువడిన ‘రంగభూమి’లో సూరదాసు అంధుడు, చమారు కులంలో పుట్టిన బిచ్చగాడు. సిగరెట్ల కర్మాగారం కోసం అతని భూమి కావాలి. అతడు ఎవరినీ ద్వేషించడు, కాని భూమి ఇవ్వనంటాడు. రామదాసులో క్షమ ఉన్నంతగా సూరదాసులో నిరాకరణ ఉన్నది. కరుణామయుడై ఉండి కూడా ‘కాదు’ అనవచ్చునన్న సంగతి ప్రేమ్‌చంద్‌కు స్పష్టంగా తెలుసు. ఉన్నవ ఆ ‘కాదు’ను సంగదాసుకు, వెంకటదాసుకు పంచి, తండ్రికి మిగల్చలేదు.

నవలలోని ఊహ దాదాపు మూడు దశాబ్దాల తరువాత తెలుగునేల మీదనే వాస్తవ పరీక్షకు నిలబడింది. తెలంగాణలో 1946 నుండి సాగిన సాయుధ రైతాంగ పోరాటం పోలీసు చర్య అనంతరం కూడా ఆగలేదు. రాత్రివేళ దళాలు, పగటివేళ సైన్యం అన్నట్లుగా నల్లగొండ పల్లెలు బ్రతుకుతున్నాయి. 1951 ఏప్రిల్‌లో హైదరాబాదు సమీపాన శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వినోబా భావే పవనార్ నుండి కాలినడకన వచ్చాడు. తరువాత పోరాట ప్రాంతంలోకి నడిచాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితవాడకు పోయి ఏమి కావాలని అడిగాడు. భూమి కావాలన్నారు. ఎంత? నలభై కుటుంబాలకు ఎనభై ఎకరాలు, అందులో సగం మాగాణి, సగం మెట్ట. ప్రభుత్వం నుండి ఇప్పించే విషయం ఆలోచిస్తూనే, ఊరివాళ్ళలో ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా అక్కడే అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నాడు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా దాత ఔదార్యకథగానో, వినోబా మహిమగానో చెప్పుకుంటాము. నాకు మాత్రం ఇందులో ముఖ్యంగా కనిపించేది ఎనభై అనే అంకె. ఆ అంకె చెప్పినది దళితవాడ. దయ చూపమని వాళ్ళు ప్రార్థించలేదు, తమ అవసరాన్ని లెక్కకట్టి చెప్పారు. మెట్ట ఎంతో, మాగాణి ఎంతో విడదీసి మరీ చెప్పారు. ఆ లెక్క విని, దానిని భూమి గలవాని ముందు పెట్టడమే అక్కడ ఆధ్యాత్మిక పురుషుడు చేసిన పని. అన్యాయం పొందినవానిని ఓర్చుకోమనలేదు. పోరాడుతున్నవానిని దొంగ అనలేదు. హైదరాబాదు జైలుకు పోయి కమ్యూనిస్టు ఖైదీలతో మాట్లాడి వచ్చిన మనిషి ఆయన. కరుణ ఇక్కడ సరైనవారి వంతుకు వచ్చింది. పోరాటం తెచ్చిన ఒత్తిడి లేకుండా ఆ సాయంకాలం నూరెకరాలు లేచి నిలబడేవా అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పడం కష్టం. బహుశా లేచేవి కావు. అప్పుడు వెంకటదాసు నీడ కూడా ఆ సభలో ఎక్కడో కూర్చున్నదనే చెప్పాలి.

తరువాతి చరిత్ర అధికార వర్గాలకు నాకన్నా బాగా తెలుసు. దేశమంతటా భూదానంగా వచ్చిన నేలలో సాగుకు పనికిరానిది చాలా ఉన్నది. పంపిణీ కానిదీ ఉన్నది, వివాదాల్లో చిక్కుకున్నదీ ఉన్నది. దానపత్రానికి చట్టపు బలం కావలసి వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో 1965లో భూదాన, గ్రామదాన శాసనం చేశారు. 1973లో వ్యవసాయ భూముల గరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. కరుణతో మొదలైనది కచేరీకి చేరింది. కొందరు దీనిని కరుణ ఓటమి అంటారు. నేను అలా అనను. ఎనభై ఎకరాలన్న మాట నోటిమాటగా మిగిలిపోక పట్టాగా మారాలంటే గుమాస్తా కూడా ఆ యజ్ఞంలో ఋత్విక్కే. అయితే ఆ గుమాస్తాకు దళితవాడ చెప్పిన అంకె గుర్తుండాలి.

ఇదే విచికిత్సను 1956 నవంబరు 20న ఖాట్మండులో జరిగిన ప్రపంచ బౌద్ధ సమ్మేళనంలో డాక్టర్ అంబేడ్కర్ మరింత నిశితంగా చేశాడు. బుద్ధుడా, కార్ల్ మార్క్సా అన్నది ఆయన ఎత్తుకున్న ప్రశ్న. దోపిడిని, దుఃఖాన్ని తొలగించాలన్న లక్ష్యంలో ఇద్దరికీ సామ్యం చూశాడు. సాధనంలోనే భేదమన్నాడు. బలప్రయోగంతో తెచ్చిన సమత్వం ఆ బలం తొలగిన నాడు నిలవదనీ, మనిషి మనసు మారి తెచ్చుకున్నదే నిలుస్తుందనీ ఆయన వాదం. పైకి ఇది రామదాసు మాటలాగే వినిపిస్తుంది. కాని మాట్లాడుతున్నవాడు రామదాసు కాడు. దైవేచ్ఛ అనే మాటను ఆయన తన ధర్మంలో నుండి తొలగించాడు. ఆయన బౌద్ధంలో కరుణ, ప్రజ్ఞ విడివిడిగా నడవవు. ప్రజ్ఞ అంటే ఇక్కడ కూలి గింజల లెక్క తెలిసి ఉండడమే.

గుంటూరు సీమనుండే వచ్చిన మరొక గొంతు కూడా వినాలి. వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువ 1941లో ‘గబ్బిలం’ ప్రకటించాడు. అందులోని దళితుడు రామదాసువలె శాంతంగా అనుభవించడు, వెంకటదాసువలె ఆయుధం పట్టడు. తన బాధను కాశీలోని శివునికి చేరవేయమని గబ్బిలాన్ని దూతగా పంపుతాడు. గుడిలోకి తనకు లేని ప్రవేశం ఆ పక్షికి ఉన్నది. రామదాసు దేవునికి సమాధానపడ్డాడు, జాషువ కథానాయకుడు దేవుణ్ణే సమాధానమడిగాడు. ఉన్నవ పై నుండి వంగి చూసిన సానుభూతిపరుడు, జాషువ లోపలినుండి పలికినవాడు. భక్తి, నిరసన ఒకే నోట ఇమడగలవని మన సాహిత్యానికి చూపినందుకు ఆ కావ్యానికి ‘మాలపల్లి’ పక్కన చోటుండాలి. రామదాసు ఒక్కని ఆధారంతో దళితుని ఆధ్యాత్మికతను నిర్వచించడం ఇక చెల్లదు.

ఇంత చెప్పిన తరువాత రామదాసుకు అన్యాయం జరగకూడదు. ఆయన కరుణ పండిన చోటు ఒకటి నవలలో నిజంగానే ఉన్నది. అది ఊరు కాదు, జైలు. కుటుంబంతో సహా నేరస్థుల సెటిల్మెంటుకూ కారాగారానికీ చేరిన తరువాత ఆయన చుట్టూ ఉన్నది చౌదరయ్యలు కారు, తనవంటివారే. 1911 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరంగా లెక్కించిన రోజులవి. అక్కడ ఆయన చెప్పే తత్త్వం ఎవరినీ పీడకుని ముందు వంగమనదు, తాము మనుషులమని గుర్తుచేస్తుంది. అదే మాట చౌదరయ్య ఇంటి ముందు బలహీనంగా వినిపించింది, సంకెళ్ళ మధ్య పలికినప్పుడు గంభీరమైంది. రచయిత తాను కూడా ఆ గోడల లోపల ఉండి వ్రాసిన నవల ఇది. జైలు ప్రకరణాల్లో కథ బిగువు పెరగడానికి అదే కారణమై ఉంటుంది.

తక్కెళ్ళ జగ్గడు కూడా జైలులోనే మరణిస్తాడు. తండ్రి తత్త్వమూ కొడుకు తిరుగుబాటూ ప్రభుత్వ దృష్టిలో ఒకే గోడ లోపలికి వచ్చి చేరాయి. వారిద్దరి మధ్య వాదం తెగిందని నవల చెప్పదు. ఉన్నవ ఈ గ్రంథానికి ‘సంగవిజయం’ అని రెండో పేరు పెట్టుకున్నాడు. ఆ పేరులో తండ్రీ లేడు, దళం కట్టిన అన్నా లేడు. పొలంలో కూలీల పక్షాన నిలబడి, కొలత గింజల్లోనే కొలవాలన్న కొడుకు ఉన్నాడు.